సారు కోసం సాంచాలు ఆపిన పూట

బొంబాయి పక్కనున్న భివండీ నుంచి మా వైపు వచ్చే బస్సు ఎక్కితే మొదట మీకు లోపల పోట్లాట జరుగుతున్నట్టే అనిపిస్తుంది. ముందు సీటులోని మనిషి వెనక సీటులోని మనిషి మీద అరుస్తుంటాడు. కాస్త చెవి పెట్టి వింటే, 'మీ పెద్దబిడ్డ మంచిగున్నదా' అని అడుగుతున్నాడని తెలుస్తుంది. మా వాళ్ళందరిదీ ఇదే తీరు. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. సాంచాల పక్కన పుట్టి, వాటి మోతలోనే నిద్రపోయి, వాటి దగ్గరే ముసలివాళ్ళమయ్యే మాకు మెల్లగా మాట్లాడడం చేతకాదు. సిరిసిల్లలో పని తగ్గి భివండీకి వలస వచ్చినా ఊరు మారింది గానీ మోత మారలేదు.

నేను మాత్రం మెల్లగా మాట్లాడతాను. భివండీలో ఒక తెలుగు బడిలో ఇన్నేళ్ళుగా పాఠాలు చెప్తున్నా గొంతు చెడలేదు. అందులో నా గొప్పేమీ లేదు, అది నర్సయ్య సారు పెట్టిన భిక్ష. సిరిసిల్లలో మా బడికి ఆయన సంగీతం సారు. బడి గోడకు ఆనుకునే సాంచాల షెడ్డు ఉండేది. మేం పాట అందుకుంటే షెడ్డు మీద గెలవాలన్నట్టు అరిచేవాళ్ళం. సారు హార్మోనియం ఆపి, అరచేతిని నేల వైపు తిప్పి, నిద్రపోతున్న పసిపిల్లను జోకొట్టినట్టు గాలిలో కిందికి దించేవాడు. "సాంచతోని కొట్లాడి గెలుస్తరా? గెలువరు. మెల్లగ పాడుండ్రి" అనేవాడు.

ఆయనకొక కోరిక ఉండేది. "ఒక్క పూట గీ వాడల సాంచాలన్ని బంద్ వెడితే, మీ గొంతు మీకే ఇనిపిస్త" అని ఏటా అనేవాడు. ఆపేదెవరు? సాంచ ఆగితే కూలి ఆగుతుంది. ఆ కోరిక తీరకుండానే ఆయన రిటైరై కోరుట్లలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు.

పోయిన ఎండాకాలం ఆయన పాత విద్యార్థులం సారుకు సన్మానం చేద్దామనుకున్నాం. భివండీలో ఉన్నవాళ్ళం, సూరత్‌లో ఉన్నవాళ్ళు, మస్కట్‌లో ఉన్నవాళ్ళు ఫోన్లలో మాట్లాడుకుని ఒక మాట మీదికి వచ్చాం. శాలువా, పూలదండ ఎవరైనా ఇస్తారు, మనం సారుకు ఆ ఒక్క పూట ఇద్దాం. వాడలో సాంచాలన్నీ ఆపి ఆయన చేత పాడిద్దాం. వాడలోనే ఉండి ఇంకా సాంచాలు నడుపుతున్న మా తరగతి శంకరయ్య, పక్క షెడ్ల వాళ్ళనందరినీ ఒప్పించాడు. ఒప్పుకోనిది సారు ఒక్కడే. రెండుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లూ "నేను రాను" అని పెట్టేశాడు. సాంచాల మాట ఎత్తే సందు కూడా ఇవ్వలేదు.

ఎందుకు రానంటున్నాడో మాకు తెలుసు. మా అందరిలోకి మంచి గొంతు భూషణానిది. బడి అయిపోయిన ఏడు వాళ్ళ నాయన అతన్ని దుబాయి పంపడానికి అంతా సిద్ధం చేసుకున్నాడు. సారే వాళ్ళింటికి వెళ్ళి, "గీ పిలగాన్ని ఇసుకలకు పంపకుండ్రి, పాట సచ్చిపోతది" అని చెప్పి వచ్చాడు. భూషణం ఉండిపోయాడు. సాంచ నడిపేవాడు, పండుగలకు పాడేవాడు. కొన్నేళ్ళకు బట్ట అమ్ముడుపోని రోజులొచ్చి ఒక్కో షెడ్డూ మూతపడుతున్నప్పుడు, చేతిలో పని లేక, భూషణం తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఆనాటి నుంచి సారు పాడింది లేదు, ఆ వాడ మొహం చూసింది లేదు. భూషణం తల్లి రాజవ్వ ఇంకా అక్కడే ఉంటుంది.

సారును తీసుకొచ్చే పని నా నెత్తిన పెట్టారు. టీచరమ్మవు, నీ మాట వింటాడు అన్నారు. నా మాట మా ఇంట్లోనే ఎవరూ వినరు, ఆ సంగతి వాళ్ళకు తెలియదు.

జగిత్యాల

నిజానికి మా బస్సు జగిత్యాల చేరేముందు కోరుట్ల మీదుగానే వస్తుంది. తెల్లవారుతుండగా కోరుట్ల స్టాపులో ఆగింది కూడా. నేను దిగలేదు. ఒంటరిగా సారు ముందు నిలబడడానికి కాళ్ళు రాలేదు. జగిత్యాలలో లక్ష్మీరాజం ఉన్నాడు, వాణ్ణి వెంటబెట్టుకుని వెనక్కి వద్దాంలే అనుకుని కిటికీ తెర లాగేసుకున్నాను.

లక్ష్మీరాజం మా తరగతే. మస్కట్‌లో చాలా ఏళ్ళు బరువులు మోసి, నడుము పోగొట్టుకుని తిరిగొచ్చాడు. ఇప్పుడు ఒక తెల్ల కారు కిరాయికి తిప్పుతున్నాడు. బస్టాండులో నన్ను చూడగానే ఆ చివరి నుంచి "సుజాతా" అని పిలిచిన పిలుపుకు నలుగురు సుజాతలు తిరిగి చూసి ఉంటారు. మస్కట్ వాడి నడుమును మార్చింది గానీ గొంతును మార్చలేకపోయింది.

మామిడి కాలం కావడంతో ఊరంతా గడ్డి, పచ్చి కాయల జీడి కలిసిన వాసన. లారీల నిండా ఢిల్లీ వైపు వెళ్ళే కాయలు. భివండీలో మేం మామిడిపండ్లు డజన్ల లెక్కన, ఒక్కోటీ వాసన చూసి, ఆలోచించి కొంటాం. అక్కడ డజనుకు పెట్టే డబ్బులు ఇక్కడ పెడితే సంచి నిండింది. సారుకు పండ్లు తీసుకువెళ్దామని లక్ష్మీరాజం కొన్నాడు. మామిడిపండ్ల ఊళ్ళ మధ్య ఉండే మనిషికి మామిడిపండ్లా అంటే, "ఉత్త చేతులతోని పోతే గడప కాడికెల్లే పంపుతడు" అన్నాడు.

పండ్ల తరువాత వాడికి ఒక దుకాణంలో పని పడింది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు ఇంటి నుంచి తిండి పంపేవాళ్ళ కోసం ఆ దుకాణంలో డబ్బాలు కట్టి ఇస్తారు. సకినాలు, గారెలు, మాంసం తొక్కు, కారప్పొడి. కవరు మీద కవరు వేసి, టేపు చుట్టి, పైన పెద్ద అక్షరాలతో పేరు రాస్తారు. ఒక ముసలమ్మ తన డబ్బాకు టేపు చాలలేదని కొట్టువాడితో గొడవపడుతోంది.

"పోయినసారి నూనె కారి వాని అంగీలన్ని ఎర్రగైనయట" అని నాకు చెప్పింది. "తిన్నవారా తొక్కు అంటే, అంగీకి అంటింది గూడ తిన్ననే అవ్వా అన్నడు."

తరువాత నన్ను పైనుంచి కిందికి చూసి, "నీ కొడుకు యాడున్నడు బిడ్డా?" అని అడిగింది. భివండీలోనే, నా దగ్గరే ఉన్నాడన్నాను. ఆమె నా చేయి పట్టుకుని కాసేపు వదల్లేదు. భివండీలో ఎవరైనా నీ కొడుకు ఏం చేస్తాడని అడుగుతారు. ఇక్కడ ఎక్కడున్నాడని అడుగుతారు. ఆ పూట జగిత్యాలలో నన్ను అదే ప్రశ్న ఇంకో ఇద్దరు అడిగారు.

లక్ష్మీరాజం డబ్బాలను కారు వెనక సర్దాడు. మర్నాడు రాత్రికి ఎవరినో హైదరాబాదు విమానం దగ్గర దింపాలట. పోయేవాళ్ళను దింపి, వచ్చేవాళ్ళను తీసుకొస్తాడు. తీసుకొచ్చే వాటిలో కొన్నిసార్లు మనుషులు ఉండరు, పెట్టెలు వస్తాయి. అంబులెన్సు వెనక బంధువులను కూర్చోబెట్టుకుని వచ్చేటప్పుడు కారులో పాటలు పెట్టడు.

"మస్కట్ల మా రూంల పన్నెండు మందిమి పండేది సుజాతా" అని చెప్పాడు. "నాకు నిద్ర రాకుంటె సారు పాట పాడుకునేది. గట్టిగ పాడితే తంతరు గద. నా చెయ్యి నేనే గిట్ల కిందికి దించుకునేది." స్టీరింగు వదిలి చేయి చూపించాడు. ఎదురుగా మామిడికాయల లారీ వస్తోంది, చెయ్యి స్టీరింగు మీద పెట్టమన్నాను.

ఆ రాత్రి వాళ్ళింట్లో సర్వపిండి తిని, మర్నాడు ఉదయమే కోరుట్లకు బయలుదేరాం, సన్మానం అనుకున్నది ఆ రోజే.

కోరుట్ల

కోరుట్లలో ఏ వీధిలోకి వెళ్ళినా అరుగుల మీద ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతూ కనిపిస్తారు. నోటితో మాట్లాడుతూనే ఉంటారు, కళ్ళు దారిలో పోయేవాళ్ళ మీద ఉంటాయి, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. మా వాడలో సాంచాల మోత వల్ల ఆడవాళ్ళ ముచ్చట్లు సగం అరుపుల్లో, సగం సైగల్లో నడిచేవి. ఇక్కడి వీధి ఎంత నెమ్మదిగా ఉందంటే ఆకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు వినిపించింది.

ఆ కత్తెర పట్టుకున్నది మా సారే. కూతురు జమున బీడీలు చుడుతుంటే, ఆయన గోడకు ఆనుకుని కూర్చుని తునికాకు కత్తిరిస్తున్నాడు. జుట్టంతా నెరిసి మనిషి సగమయ్యాడు. ఆయన పక్కన ఆకుల చాట పెట్టుకోవడానికి ఒక పెట్టె ఉంది. దాని మూల రేకు చూసి గుర్తుపట్టాను. అది మా బడి రోజుల హార్మోనియం.

నేను చెప్పకముందే, "సుజాతవు గదా" అన్నాడు. కడుపు నిండినట్టయింది. మరుక్షణమే, "సన్మానం ముచ్చటైతే తియ్యకు బిడ్డా. బువ్వ తిని పోండ్రి" అన్నాడు.

జమున భర్త బహరేన్‌లో ఉంటాడు. ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి జొన్నరొట్టె, మామిడికాయ తొక్కు, చల్ల పెట్టింది. భివండీలో మేం గోధుమ చపాతీలకు అలవాటుపడి జొన్నరొట్టె విరిచే నేర్పు పోగొట్టుకున్నాం. నా వేళ్ళ తడబాటు చూసి సారు మొదటిసారి నవ్వాడు. "బొంబాయి దొరసానివైనవు" అన్నాడు. కొడిమ్యాలలో తాటిచెట్లెక్కి కల్లు గీసే నాయనకు పుట్టి, భజనల్లో పాట నేర్చి, బడి పంతులై, ఏ దొరకూ తల వంచని మనిషి ఆయన. ఆయన నోట దొరసాని అనిపించుకుంటే ఎవరికీ కోపం రాదు.

తిన్నాక లక్ష్మీరాజం మొదలుపెట్టాడు. "సార్, మీరు భూషణాన్ని ఆపిండ్రు, నన్ను ఆపలే. నేను పోయిన. పోయినోని బతుకు గూడ జర సూడుండ్రి" అని చొక్కా పైకెత్తి నడుముకు కట్టుకున్న పట్టీ చూపించాడు. "నాతోని పోయినోళ్ళల్ల ముగ్గురు పెట్టెలల్ల అచ్చిండ్రు. పోయినా గంతే, ఉన్నా గంతే సార్."

"నువ్వైతే బతికి అచ్చినవు గదరా" అన్నాడు సారు. వాడు చొక్కా దించుకున్నాడు.

నాకు ఓపిక తక్కువ. బడిలో పిల్లలకు తెలుసు, మా ఆయనకు ఇంకా బాగా తెలుసు. "సార్, మీ కోసం అక్కడ ఎంత చేస్తున్నరో మీకు ఎరుకలేదు. ఇయ్యాల మీరు వాడలకు అచ్చేటాళ్ళకు సాంచాలన్ని బంద్ వెడుతున్నరు. మీరు అడిగిందే గద" అనేశాను.

సారు చేతిలో కత్తెర ఆగింది.

"ఎవలు వెట్టుమన్నరు?" అన్నాడు.

"మేమే అనుకున్నం సార్."

"వద్దు. చెప్పుండ్రి వాళ్ళకు. ఆపద్దని చెప్పుండ్రి."

లక్ష్మీరాజం శంకరయ్యకు ఫోన్ కలిపాడు. మోగి మోగి ఆగిపోయింది. సాంచాల మోతలో ఉన్న మనిషికి జేబులో ఫోన్ మోగితే వినబడదు. అది మాకు పుట్టుకతో తెలిసిన సంగతే అయినా నాలుగుసార్లు కలిపాం. మిగతా వాళ్ళకూ చేశాం. అందరూ షెడ్లలోనే ఉన్నారు.

సారు లేచి, దండెం మీది తెల్ల చొక్కా తీసి తొడుక్కున్నాడు. "బాపూ, నువ్వు పోతవా?" అంది జమున, నమ్మలేనట్టు. "సన్మానానికి గాదు. సాంచాలు ఆపకుండ్రని చెప్పి మలిగి అస్త" అన్నాడు. ఎలాగైతేనేం కారెక్కాడని నేను లోపల సంతోషపడ్డాను. కూలివాళ్ళ ఒక పూట కూలి పోతుందని ఆయన బాధ అనుకున్నాను. అంత తెలివితక్కువగా ఎలా ఆలోచించానో ఇప్పుడు తలచుకుంటే నాకే వింతగా ఉంటుంది.

రుద్రంగి దారిలో

కోరుట్ల నుంచి సిరిసిల్లకు వెళ్ళే ఆ దారిలో గుట్టలు, ఎండిన మడులు, అక్కడక్కడా బోరు కింద పచ్చని మక్కజొన్న చేను. సారు ముందు సీటులో కూర్చుని దారి చూస్తున్నాడు. వెనక సీటులో నా ఒళ్ళో పూలదండ, పక్కన శాలువా. బట్ట నేసే ఊళ్ళో చేసే సన్మానానికి శాలువా సూరత్ నుంచి తెప్పించారు మా వాళ్ళు. దాని మీద చీటీ కూడా తీయలేదు. నేనే గోటితో గీకి తీశాను.

రుద్రంగి దాటకముందే టైరు పంక్చరైంది. లక్ష్మీరాజం స్పేరు టైరు తీసి చూస్తే అందులోనూ గాలి లేదు. వాడు ఆ టైరు పట్టుకుని ఒక ఆటో ఆపి ఊళ్ళోకి వెళ్ళాడు. నేనూ సారూ వేప చెట్టు నీడలో నిలబడ్డాం. అక్కడే ఒకామె తాటి ముంజలు అమ్ముతోంది. భివండీలో ముంజలు ఒలిచి, కవర్లో కట్టి, బంగారం ధర చెప్తారు. ఈమె కాయ కొట్టి వేలు పెట్టి తినమని ఇచ్చింది. సారు కాయలను చేత్తో తట్టి చూసి, లేతవి ఏరి నాకిచ్చాడు.

"తాళ్ళోళ్ళా మీరు?" అని అడిగిందామె.

"మా నాయిన ఎక్కేటోడు. నేను ఎక్కలే" అన్నాడు సారు.

"ఎక్కకుంటేనే మంచిగైంది. మా ఆయన చెట్టు మీదికెల్లి వడ్డంకనే నేను గిట్ల రోడ్డు మీద కూసున్న" అంది. ఇంకొక కాయ కొట్టి, దానికి డబ్బులు వద్దంది.

ముంజ తింటూ, నా వైపు చూడకుండానే సారు అడిగాడు. "సుజాతా, మన వాడల నడిసే సాంచాలు ఒక్కసారే ఎప్పుడు ఆగుతయే?"

"కరెంటు పోతే ఆగుతయి సార్."

"కరెంటు పోతే పంకలు గూడ ఆగుతయి. పంకలు తిరుగంగ సాంచాలు ఆగితే?"

నా చేతిలో కాయ నీళ్ళు మోచేయి మీదుగా కారిపోయాయి. చిన్నప్పుడు నేనూ అమ్మా కండెలు చుడుతూ ఉండగా ఎన్నోసార్లు అలా జరిగింది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, సాంచాలు ఒక్కసారిగా ఆగుతాయి. అమ్మ కండె పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, ఎవరో అని బయటికి వెళ్ళేది. వాడలో మనిషి పోతే, శవం వాడ దాటేవరకు ఎవరూ సాంచ నడపరు. మా వాళ్ళ ఆచారం అది. ఫోన్లలో కూర్చుని సన్మానం ఆలోచించిన మాలో ఒక్కరికీ అది తట్టలేదు, వాడలోనే ఉన్న శంకరయ్యకు కూడా సంబరంలో గుర్తు రాలేదు. ఊరు వదిలి వచ్చి మేం ఏమేం మరిచిపోయామో ఆ వేప చెట్టు కింద తెలిసింది.

"భూషణం పోయిన నాడు నేను అచ్చిన" అన్నాడు సారు. "వాడ మూల మీద దిగిన. ఒక్క సాంచ సప్పుడు లేదు. ఏండ్ల సంది నేను అడిగింది గదే. గా సప్పుడు లేని వాడలకు అడుగు వెయ్యలేకపోయిన. గామె మొఖం సూడలేకపోయిన. గక్కడికెల్లే మలిగిన."

చేతిలో కాయ పక్కన పెట్టి, "రాజవ్వ మల్ల గదే ఇనాల్నా? నా సన్మానానికి?" అన్నాడు.

లక్ష్మీరాజం టైరుతో తిరిగొచ్చేసరికి నేను శంకరయ్యకు ఫోన్ చేసి చేసి విసిగిపోయి ఉన్నాను. చెప్పగానే వాడి మొహం మాడిపోయింది. "మన సోయి గిట్లనే ఉంటది" అని మాత్రం అన్నాడు. వేములవాడ దాటేదాకా ఆ కారును ఎలా నడిపాడో రాయను, వాళ్ళావిడ చదవవచ్చు.

సిరిసిల్ల

సిరిసిల్ల ఎప్పుడూ చూడని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఈ ఊరు కళ్ళకంటే ముందు చెవులకు తగులుతుంది. నేతవాడల్లోకి మలుపు తిరగగానే కాళ్ళ కింద నేల కూడా అదురుతున్నట్టు ఉంటుంది. ఇప్పుడు చాలా షెడ్లకు తాళాలున్నా, నడిచేవి నడుస్తూనే ఉంటాయి. చాలా ఏళ్ళ తరువాత ఆ మోత వినబోతున్నానని నాకు లోలోపల ఆశగా ఉండేది.

కారును మలుపుకు ఇవతలే ఆపించాడు సారు. మేం దిగేసరికి ఏమీ వినిపించలేదు.

పంక్చరు వల్ల మేం ఆలస్యం చేశాం. అనుకున్న సమయానికి సారు వస్తాడని శంకరయ్య మేం చేరడానికి కాస్త ముందే ఆపించేశాడు. ఎదురుగా చేతులు కట్టుకుని, కొత్త చొక్కా వేసుకుని, నవ్వుతూ నిలబడ్డాడు. వెనక షెడ్ల ముందు మా తరగతి వాళ్ళు, వాళ్ళ పిల్లలు, దూది అంటిన జుట్టుతో కూలివాళ్ళు. తెరిచిన ఒక తలుపు లోంచి తిరుగుతున్న ఫ్యాను కనిపించింది.

అప్పటికే ఇళ్ళలోంచి ముసలివాళ్ళు బయటికి వస్తున్నారు. కొంగు నెత్తిన కప్పుకుని ఒకామె, చేతిలో కండె అలాగే పట్టుకుని ఇంకొకామె. "ఎవలు వోయిండ్రురా?" అని ఒకామె అడిగింది. "ఏ ఇల్లు? ఎవలు?" అని ఇంకో గుమ్మం నుంచి వచ్చింది. శంకరయ్య నవ్వు మాయమైపోయింది. "ఎవలు వోలేదు పెద్దవ్వా, సారు అచ్చిండు" అని అరిచాడు గానీ, మోతలో బతికి చెవులు పోయిన ముసలివాళ్ళకు అది అందలేదు.

వాడ చివరి ఇంట్లోంచి రాజవ్వ వచ్చింది. చెప్పుల్లేవు. ఎవరినీ అడగకుండా, తల వంచుకుని, గోడ పట్టుకుంటూ నడిచి వస్తోంది. ఆ ఆగిన మోత విని ఆమె ఎవరి గురించి ఆలోచిస్తోందో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. ఒక్కరం కూడా ఎదురెళ్ళలేకపోయాం. సారు వెళ్ళాడు.

ఆమె ముందు నిలబడి చేతులు జోడించాడు. "అవ్వా, ఎవలు వోలేదు. నాకోసం ఆపిండ్రు. తప్పైంది" అన్నాడు.

ఆమె తలెత్తి చాలాసేపు చూసింది. "సంగీతం సారువా?"

"నేనే అవ్వా. నేను గా నాడు మీ ఇంటికి అచ్చి పంపద్దనకపోతే నీ కొడుకు ఇయ్యాల బతికుండేటోడు. గీ మాట నీకు చెప్పాలె. చెప్ప శాతగాక ఇన్నేండ్లు రాలే."

రాజవ్వకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమె గోడకు ఆనుకుని అక్కడే కూర్చుండిపోయింది. సారు కూడా ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు.

"నీ మాట ఎవలిన్నరు సారూ" అందామె. "నువ్వు వోయినంక గూడ వాళ్ళ నాయిన పెట్టె సదిరిండు. పిలగాడు గూడ పోత అనే అన్నడు. నేను బువ్వ ముట్టలే. నీళ్ళు ముట్టలే. ఒక్కడే కొడుకు, నా పీనుగ మీదికెల్లి దాటి పో అన్న. గప్పుడు ఆగిండు. నేను ఆపుకున్న వాన్ని. ఇగ సచ్చినా బతికినా నేనే."

సారు ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

"నువ్వు చావుకు రాలే. తర్వాత గూడ రాలే. సారుకు ఎరుకైంది, తల్లే వాన్ని మింగిందని ఎరుకైంది, నా మొఖం సూడద్దనే వస్తలేడు అనుకున్న. గిన్నేండ్లు నేను గదే అనుకున్న సారూ."

నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను. ఇద్దరు మనుషులు ఒకే బరువును, ఎదుటివాళ్ళు తమను తప్పు పడుతున్నారనుకుంటూ, రెండు ఊళ్ళలో కూర్చుని మోశారు. ఇద్దరి మధ్యా కారులో ఒక పూట దారి కూడా లేదు.

రాజవ్వే కొంగుతో మొహం తుడుచుకుంది. చుట్టూ ఆగి ఉన్న షెడ్ల వైపు, మా వైపు చూసింది. "ఎట్లనన్న ఆపిండ్రు గద. వాడు పాడేది ఒకటుండె, గది పాడు సారూ" అంది.

హార్మోనియం కోరుట్లలో ఆకుల చాట కింద ఉంది. సారు గొంతు సవరించుకున్నాడు. మొదటి ముక్క సరిగా పలకలేదు, మళ్ళీ అందుకున్నాడు. బడిలో మా కోసం ఆయనే కట్టిన పాట అది.

*పోగు పోగు కూడితే బట్ట*
*గొంతు గొంతు కూడితే పాట*

మేం కలిశాం. శంకరయ్య, వాడి పక్కవాళ్ళు అందరూ షెడ్డు మీద గెలవాలన్నట్టే అందుకున్నారు. సారు చేయి దానంతట అదే లేచి, అరచేయి నేల వైపు తిరిగి, మెల్లగా కిందికి దిగింది. నెరిసిన తలల వాళ్ళం, బడి పిల్లల్లా గొంతు తగ్గించాం. నా పక్కన లక్ష్మీరాజం ఇంత సన్నగా పాడగలడని నాకు తెలియదు. వాడి గొంతు, నా గొంతు వేరువేరుగా నాకు వినిపించాయి. సారు ఏళ్ళ తరబడి చెప్పింది ఇదన్నమాట.

మూడో చరణం దగ్గర అందరం ఆగిపోయాం. ఆ ముక్క బడిలో ఎప్పుడూ భూషణం ఒక్కడే పాడేవాడు. మేం ఊరుకుని వినేవాళ్ళం. పాత అలవాటుకొద్దీ ఊరుకున్నాం, సారు కూడా నోరు మెదపలేదు. ఎక్కడో తిరుగుతున్న ఫ్యాను చప్పుడు ఒక్కటే ఉంది.

*తెగిన కాడ ముడి వెయ్యి తమ్మీ*

అన్నది రాజవ్వ. పాడలేదు, మామూలుగా మాట్లాడినట్టే అంది. కొడుకు ఇంట్లో పాడుకుంటుంటే విన్న ముక్క. సారు ఆమె వైపు చూస్తూ చివరి ముక్క అందుకున్నాడు.

*ఆగిన కాడ అందుకో చెల్లె*

అది మేమందరం కలిసి ముగించాం.

శాలువా కారులోనే మరిచిపోయామని అప్పుడు గుర్తొచ్చింది. దండ ఎండకు వాడి, హడావుడిలో సారింట్లో ఇవ్వడం మరిచిన మామిడిపండ్ల సంచి కింద నలిగింది. లక్ష్మీరాజం తేవడానికి కదలబోతే సారు వద్దని తలూపాడు. కూలివాళ్ళు షెడ్ల గుమ్మాల్లో నిలబడే ఉన్నారు. సాంచాలు నడపమనడానికి శంకరయ్యకు నోరు రాలేదు. వాడ మొదట్లో ఇంకా ఎవరో ముసలాయన, ఎవరు పోయారని అడుగుతున్నాడు.

రాజవ్వ సారు చేయి ఊతగా పట్టుకుని లేచింది. షెడ్ల వైపు తిరిగి, మా వాడ ఆడవాళ్ళకే ఉండే ఆ పెద్ద గొంతుతో, చివరి ఇంటికి కూడా వినబడేలా అంది.

"ఇగ నడుపుండ్రి సాంచాలు. ఎవలు వోలేదు."